పాతబొమ్మయు విక్రయధర్మమును

వస్తువు నమ్మువాడు దానిగూర్చి తాను ఎఱిగినదెల్ల కొనువానికి జెప్పవలయునా, లేక అడిగినదానికి మాత్రము బదులు చెప్పిన జాలునా? తాను ఎఱుగనిదానిని ఎఱుగుటకు శ్రమపడవలసిన బాధ్యతయు నతనికి గలదా? ఈ ప్రశ్నలు క్రొత్తవి కావు. కాని యవి నాకు నిరుడు వేసవిలో ఒక యాటబొమ్మ మూలమున గలిగెను. బొమ్మ యనగానే చదువరులు నవ్వకుందురు గాక. ధర్మసందేహములు గొప్ప వస్తువుల చుట్టునే తిరుగవలయునను నియమము లేదు. లక్షల బేరమున మనుష్యుడు జాగరూకుడై యుండును. తన్ను దాను మోసగించుకొనుట చిన్నబేరములలోనే సులభము.

మా యక్కగారి కుమార్తె అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున పైచదువు చదువుచున్నది. ఆ దేశమున గృహస్థులు తమకు అక్కఱ తీఱిన సామానులను సెలవుదినములలో ఇంటిముంగిట బల్లలపై బెట్టి చౌకగా నమ్ముట వాడుక. అట్లు ఒక వృద్ధురాలు పెట్టిన అట్టపెట్టెను, అందలి చిన్నచిన్న దుస్తులు ముద్దుగా నున్నవని, మా మేనకోడలు పది డాలర్లకు గొన్నది. దుస్తుల క్రింద రెండు బార్బీ బొమ్మలు బయటపడెను. ఒకదాని నడుము వెనుక 1966 అను సంవత్సరము అచ్చుపడి యుండెను. రెండవదానిపై రోమను అంకెలు. ఆమె సంతోషము పట్టలేక నాకు ఛాయాచిత్రములు పంపి, "మామయ్యా, అఱువదియేండ్ల నాటి బొమ్మ దొరకినది. దీనిని శుభ్రపఱచి వేలమునకు బెట్టినచో నా పుస్తకముల ఖర్చు గట్టెక్కును. రెండవది పాలిపోయి, చెవి పచ్చబడి, చూచుటకే బాగుగా లేదు, పారవేయుదును" అని వ్రాసెను.

నేను సంస్కృతమును ఆంగ్లమును బోధించు బడిపంతులను. బొమ్మల సంగతి నాకేమి తెలియును? ఐనను తాళపత్రప్రతుల కాలనిర్ణయ మెట్లు చేయుదురో కొంత చదివినవాడను గనుక, ఆ విద్య యిచ్చటను పనికివచ్చునేమోయని, రెండవదానిని పారవేయవలదని వారించి, ఆమెతో గూడ నేనును వెదకుట కారంభించితిని. నెలదినములకు దేలినదేమనగా, ఆమె యెంచిన క్రమము తలక్రిందులు.

బార్బీ పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పకున్న నిది బోధపడదు. 1945లో హెరాల్డ్ మాట్సన్, ఎలియట్ హాండ్లర్ అనువారి పేళ్ల ముక్కలు గలిపి మాటెల్ అను సంస్థను నెలకొల్పిరి. ఎలియట్ భార్యయైన రూత్ హాండ్లర్ తన కూతురు బార్బరా కాగితపు బొమ్మలతో నాడుకొనుచు, వానిని పసిపాపలుగ గాక యెదిగిన స్త్రీలుగ భావించి మాటలాడించుట కనిపెట్టెను. 1956లో ఐరోపా ప్రయాణమున బిల్డ్ లిల్లీ యను జర్మను బొమ్మ యామె కంటబడెను. ఒక వార్తాపత్రికలోని వ్యంగ్యచిత్రము నుండి పుట్టిన బొమ్మ యది. అమ్మబడినది ముఖ్యముగా బాలికలకు గాదు, పెద్దవారికి. ఆ పోలికను బట్టి తయారైన బార్బీ 1959 మార్చి 9వ తేదీన న్యూయార్కు నగరపు ఆటవస్తువుల ప్రదర్శనమున లోకమునకు గనబడెను. పదునొకటిన్నర అంగుళముల యెత్తు, నలుపు తెలుపు చారల ఈతదుస్తు, మూడు డాలర్ల వెల. కూతురి పేరే బొమ్మకు బెట్టిరి. బొమ్మలను జపానులో జేయించిరి. లిల్లీ బొమ్మ హక్కులను మాటెల్ వారు 1964లో గొనివేసిరి. పోలిక తెచ్చుకొన్న యైదేండ్లకు గాని ఆ పోలికకు వెల చెల్లలేదన్నమాట. ఈ వ్యాసమునందలి ప్రశ్నకు ఆ కథయు సంబంధించినదే యని నా తలంపు.

ఇక గుర్తింపు మాట. 1966 అను ముద్ర యా బొమ్మ తయారైన యేడు గాదు. నడుము తిరుగునట్టి శరీరమును మాటెల్ వారు 1967లో బయటబెట్టిరి. ఆ శరీరపు రూపమునకు సంబంధించిన హక్కుల సంవత్సరము 1966. ఆ యచ్చు తరువాతి బొమ్మలమీదను, ఇరువదవ శతాబ్దము కడపటి దశకము వఱకును సాగివచ్చెను. మా పిల్ల సంతోషించిన బొమ్మకు మెడయంచున, వెండ్రుకల మఱుగున, 1976 అని వేఱొక సంవత్సరము గలదు. అది ముఖపు మూస పుట్టిన యేడు. దేశముపేరు మలేషియా. తలకొక యేడు, నడుమున కొక యేడు. బొమ్మ పుట్టినది రెంటికిని జాల దరువాత. గ్రంథకర్త కాలమును లేఖకుని కాలముగా భ్రమించువారు పండితులలోనే యుండగా, ఒక విద్యార్థినిని దప్పుబట్టుట యెట్లు?

పాలిపోయిన రెండవ బొమ్మయే పాతది. రోమను అంకెలు 1958ని దెలుపును. అనగా బొమ్మ యంగడికి రాకముందటి యేడు. మొదటి కొన్నియేండ్ల బొమ్మలన్నిటికిని ఆ యంకెయే గనుక అంకెతో బని లేదు, అవయవములను జూడవలయును. సేకరణకారులు వీనికి వరుససంఖ్యలు పెట్టుకొనిరి. మొదటిదానికి అరికాళ్లలో రాగిగొట్టములు దిగిన రంధ్రములుండును. నిలువబెట్టు పీట ముల్లులు వానిలోనికి బోవును. రెండవదానికి రంధ్రములు లేవు. ఈ రెంటికిని కనుపాపలు తెల్లన, కనుబొమలు కోణముగ విఱిగి యుండును. 1960లో వచ్చిన మూడవదానికి కనుపాపలు నీలము, కనుబొమలు వంపు. ఈ మూడింటి మేనును కాలక్రమమున దంతపు తెలుపునకు దిగిపోవును. నాలుగవదాని మేనిచాయ నిలుచును. అయిదవదానినుండి లోపల బోలు. ముందువి బరువైన గట్టి శరీరములు. మా పిల్ల వంటయింటి తక్కెడలో రెండు బొమ్మలను దూచి, అరికాళ్లను భూతద్దముతో జూచి, కనుబొమలను గీసి పంపెను. మూడవది! పారవేయుదునన్నదియే వందల డాలర్లు పలుకునది. మొదటిది యైనచో వేలు పలుకునట; కాని యామె అప్పటికే యా సంఖ్యలకు మించి యాశపడుట మానివేసెను.

ఇంతవఱకు చెప్పినది విద్య. ఇక ధర్మము.

బొమ్మకు నాలుగు కొఱతలు గలవు. చెవిపోగుల లోహము వినైలుతో గలిసి చెవులు పచ్చబడినవి. పెదవుల రంగు వెలిసినది. ముంగురులను ఏ పసిచేతులో కత్తెరతో గత్తిరించినవి. ఎడమ మడమక్రింద నీలిసిరాతో ఒక ఆంగ్లాక్షరము పిల్లవ్రాతలో నున్నది. వీనినన్నిటిని మాన్పుటకు మార్గములు గలవు. మొటిమలకు బూయు బెంజాయిల్ పెరాక్సైడు లేపనమును పచ్చనైన చోట గొన్నిదినములు పట్టించినచో మరక విఱుగును. సిరాకును అదియే మందు. పెదవులకు సన్నని కుంచెతో రంగు వేయవచ్చును. ముంగురులను సూదితో గ్రొత్తగ నాటవచ్చును. "ఇవన్నియు జేసి, 'తొలినాటి దానివలెనే యున్నది' అని వ్రాసి వేలమునకు బెట్టుదును. ఎవరైన నడిగినచో అబద్ధమాడను" అని యామె ప్రతిజ్ఞ.

నేను వెంటనే మందలించితి నని చదువరు లనుకొనవచ్చును. మందలించితిని, కాని యామె బదులు నన్ను గొంతకాలము నోరు మూయించినది. "మామయ్యా, ఇంటికి సున్నము వేయించి అద్దెకిచ్చువాడు దొంగయా? మన యమ్మమ్మ కొలువుబొమ్మలకు ఏటేట రంగు వేయించెడిది గాదా? అది తప్పని మీరెన్నడు ననలేదే!"

నిజమే. మా యింట నొక కొండపల్లి దశావతారముల వరుస యుండెడిది. తెల్లపొణికి కఱ్ఱ తేలికగ నుండును గనుక పిల్లల చేతులలో బడి విఱిగెడిది. విఱిగినచోట చింతగింజల పొడితో జేసిన మక్కు పెట్టి, రంగు పూసి, సంక్రాంతి కొలువున మరల నిలువబెట్టెడివారు. ఎవ్వరును దానిని కపటమని యెంచలేదు. మఱి యీ బొమ్మవిషయమున భేద మెక్కడ? రెండుమూడు దినములు ఆలోచించిన పిమ్మట నాకు దోచినది యిది. కొలువుబొమ్మకు మేము వెల గట్టలేదు. గట్టినను, ఆ వెల దాని యందమునకు. సున్నము వేసిన యింటికి అద్దె యిచ్చువాడు నివాసమునకై యిచ్చును. సున్నము ఏ యేటిదో అతనికి బని లేదు. కాని యీ పాతబొమ్మకు వందల డాలర్లు పోయువాడు అందమునకై పోయుట లేదు; అందమే కావలసినచో 1994లో మాటెల్ వారే ముప్పదియైదవ సంవత్సరోత్సవమునకు తొలిబొమ్మను బోలిన ప్రతిరూపమును జేసిరి, అది కొనవచ్చును. ఇతడు కొనునది యొక సాక్ష్యము. 1960లో ఒక జపాను కార్మికురాలి కుంచె యీ పెదవిపై నిట్లు పడినదను సాక్ష్యము. మన కుంచె దానిపై బడి, ఆ సంగతి చెప్పకున్నచో, అమ్మిన వస్తువు వేఱు, వెలగొన్న వస్తువు వేఱు అగును. పెదవికి రంగు వేయుట తప్పు గాదు. వేసితినని చెప్పకుండుట తప్పు.

మనుస్మృతిలో నీ కాలపువారము అంగీకరింపరానివి యెన్నియో కలవు. వానిని నేను తరగతిలో సైతము దాచను. కాని విక్రయమునుగూర్చి యది చెప్పిన మాట చూడుడు: ఒకదానితో మఱియొకటి గలిపి యమ్మరాదు, సారము లేనిదానిని, కొలత తగ్గినదానిని, దూరమున నుంచియు మఱుగుపఱచియు నమ్మరాదు. మఱుగుపఱచుట యనునది వస్త్రము గప్పుట మాత్రమేనా? రంగు గప్పుటయు నదియే. కొన్నవానికిగాని యమ్మినవానికిగాని పశ్చాత్తాపము గలిగినచో పదిదినముల లోపల వస్తువును మరల్చుకొనవచ్చు ననియు నందు గలదు. కౌటిల్యుని యర్థశాస్త్రము పాతసామానుల మాట ప్రత్యేకముగ నెత్తి, స్వామ్యము రుజువైన పాతవస్తువులనే యంగడిలో నమ్మనీయవలయునని అధికారికి విధించుచున్నది. పాతవస్తువునకు వెనుక నొక చరిత్ర యుండును, ఆ చరిత్ర యెఱుగక అమ్మకము సాగరాదను భావ మందున్నది.

"అడిగినచో అబద్ధమాడను" అను ప్రతిజ్ఞకు సమాధానము నాకు రోమునుండి దొరకెను. క్రీస్తునకు పూర్వము 44వ సంవత్సరమున సిసెరో వ్రాసిన ధర్మగ్రంథమున నొక సందేహము గలదు. రోడ్సు ద్వీపమున క్షామము. అలెగ్జాండ్రియానుండి యొక వర్తకుడు ఓడనిండ ధాన్యముతో వచ్చెను. వెనుక మఱికొన్ని ధాన్యపుటోడలు వచ్చుచుండుట అతడు త్రోవలో జూచెను. ఆ సంగతి చెప్పినచో ధర తగ్గును. చెప్పవలయునా? డయోజినీసు అను తత్త్వజ్ఞుడు, అబద్ధమాడకున్న జాలును, ఎఱిగినదెల్ల చాటవలసిన పని లేదనెను. ఆయన శిష్యుడైన యాంటిపేటరు, కొనువాడు తెలిసికొనగోరు నేసంగతిని దాచరాదనెను. సిసెరో శిష్యుని పక్షమే వహించెను. ఊరకుండుట వేఱు, ఎదుటివాని యజ్ఞానమునుండి లాభము గొనుటకై యూరకుండుట వేఱు అని యాయన చూపిన భేదము నాకు మిక్కిలి నచ్చినది. మా పిల్లకు దానినే వ్రాసి పంపితిని.

వ్రాసి పంపిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణము చెప్పక తప్పదు. ఇరువదియేండ్ల క్రిందట, ఉద్యోగమున జేరిన క్రొత్తలో, నేనొక పాతసైకిలు నమ్మితిని. దాని ముందుచక్రపు ఫోర్కు ఒకమాఱు విఱుగగా వెల్డింగు చేయించి యుంటిని. అమ్ముటకు ముందు బండి యంతటికిని నల్లరంగు వేసితిని. అతుకును దాచుటకే వేసితినా యనిన, కాదు. బండి యంతయు దుప్పుపట్టి యుండెను. కాని రంగు వేయుచు, ఆ యతుకుమీద గుంచె రెండవమాఱు పోయినపుడు నా మనస్సున మెదలిన తలంపు నాకు జ్ఞాపకమే. కొన్నవాడు ఇంటింట పాలుపోయు నతడు. ఫోర్కు సంగతి యతడడుగలేదు, నేను జెప్పలేదు. నాలుగుమాసములకు రెండువైపుల పాలక్యానులు తగిలించుకొని పోవుచుండగా ఆ యతుకే విఱిగెను. అతడు నా యొద్దకు దగవునకు రాలేదు. మోచేతికి గట్టు గట్టుకొని వచ్చి, "పంతులుగారూ, ఇదివఱకెప్పుడో దీని కతుకు పడినట్లున్నది, మంచి వెల్డింగు ఎక్కడ చేయుదురో చెప్పుదురా?" అని యడిగెను. చెప్పితిని. ఆ సమయమున నా జేబులో జీతపు డబ్బు గలదు, అదియు నియ్యలేదు.

మఱునాడు ఈ సంగతిని మా పిల్లకు టెలిఫోనులో జెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, "ఐతే చెవి నట్లే యుంచెదను" అనెను.

చెవి నట్లే యుంచుట ధర్మమున కవసరము గాదు. ఆ మాటయు జెప్పవలయును. పచ్చమరకను దీయుట దోషము గాదు, చెప్పినచో. కాని యిచ్చట విద్యయు ధర్మమును నొక్కచోట గలిసినవి: ఆ లేపనము దాని పనిని మనము నిలుపుమన్నపుడు నిలుపదు. మరక పోయిన కొంతకాలమునకు ఆ చోటు తక్కిన మేనికన్న తెల్లబడి మచ్చగా నిలుచుట గలదు. అమ్మిననాడు చక్కగ నుండి, కొన్నవాని యింట రెండేండ్లకు బయటపడు దోషమది. నా సైకిలు వంటిదే. కనుక అనుభవము గలవారు గోరువెచ్చని నీటిలో గొంచెము సబ్బు గలిపి మెత్తని గుడ్డతో మేను తుడుచుటయు, లోహపుపోగులను దీసి వేఱుగ నుంచుటయు, జుట్టు మెల్లగ దువ్వుటయు మాత్రమే చేసి, తక్కినది కొనువాని యిష్టమునకు విడుచుట మేలందురు. వేడికి దూరముగ నుంచవలయును. వినైలును మెత్తపఱచుటకు గలిపిన ద్రవము కాలక్రమమున బైటికి చెమ్మగిలి మేను జిగురుపట్టును.

ఆమె వేలమునకై వ్రాసిన వర్ణనమును నాకు బంపెను. మూడవ వరుసబొమ్మ; రెండు చెవులును పచ్చబడినవి; పెదవుల రంగు వెలిసినది, మరల వేయబడలేదు; ముంగురులు కత్తిరింపబడినవి; ఎడమ మడమక్రింద సిరా అక్షరము; పోగులు తీసి సంచిలో నుంచబడినవి; దుస్తులలో నేవి యా కాలమునవో నిర్ధారింపబడలేదు. ప్రతి కొఱతకును వెలుతురులో దీసిన ఛాయాచిత్రము. 1966 బొమ్మను దాని నిజమైన కాలము చెప్పి రెండు డాలర్లకు బెట్టినది. వ్యాకరణదోష మొక్కటి దిద్దితిని, అంతే.

ఇంతటితో ముగియవలసినది. కాని నా మనస్సున నింకొకటి మిగిలియుండెను. కొనువాని యజ్ఞానమును మనము వాడుకొనరాదంటిమి. మఱి యమ్మినదాని యజ్ఞానము మాట యేమి? ఆ వృద్ధురాలు పది డాలర్లకిచ్చిన పెట్టెలో వందల డాలర్ల వస్తువున్నది. కొన్ననాడు మా పిల్లయు నెఱుగదు. కనుక ఆ నాడు దోషము లేదు. నేడెఱుగును. సిసెరో గ్రంథముననే యొక చిన్న కథ గలదు. స్కేవొలా యను రోమనుడు ఒక భూమిని గొనబోయి, వెల యేకమాటగ జెప్పుమనెను. అమ్ముడుకాడు చెప్పెను. స్కేవొలా, "ఇది యంతకన్న నెక్కువ చేయును" అని లక్ష సెస్టర్సులు అదనముగ నిచ్చెను. ఇది సజ్జనుని పని యని యందఱు నొప్పుకొందురు గాని, బుద్ధిమంతుని పని యని యొప్పుకొనరని సిసెరో యక్కడ వ్యంగ్యముగ ననును. సజ్జనత్వమును బుద్ధిమత్త్వమును వేఱుచేసిన లోకమును జూచి యాయన నొచ్చుకొన్నాడు.

ఈ కథ చెప్పగానే మా పిల్ల కోపగించెను. "మీకు నెల మొదట జీతము వచ్చును మామయ్యా! నాకు పుస్తకముల ఖర్చు, గది యద్దె ఉన్నవి. నేను వెదకితిని, తూచితిని, నెల కష్టపడితిని. విద్యకు వెల లేదా? ఆమె పారవేయదలచిన పెట్టె నేను గాక మఱియొకరు గొన్నచో, రెండవ బొమ్మ చెత్తబుట్టలో నుండెడిది." ఈ మాటలలో నసత్యము లేదు. విద్యకు వెల గలదు. లేనిచో నేను జీత మేల గొందును? వెదకినవానికి వెదకిన ఫలము దక్కవలయును. కాని ఫల మెంత? ఆ మడమక్రింది అక్షరము వృద్ధురాలి పేరుదో, ఆమె కూతురిదో, చెల్లెలిదో. పాతవస్తువునకు వెల దాని చరిత్రయే యని వేలమున మనము వాదించుచున్నపుడు, ఆ చరిత్రను జీవించినవారికి దానిలో భాగము లేదనుట నాకు మ్రింగుడుపడలేదు. సగ మిమ్మని నేను జెప్పలేదు. ఎంతయు నిమ్మని చెప్పలేదు. వెళ్లి, బొమ్మను జూపి, ఇది యిట్టిదని చెప్పుమంటిని. తరువాతిది వారిద్దఱి మధ్య మాట. అట్లు చెప్పుటకును, చెప్పినపిమ్మట ఆమె బొమ్మను దిరిగి యిమ్మన్నచో నిచ్చుటకును సిద్ధముగ నుండవలయునని గూడ వ్రాసితిని. ఈ కడపటి వాక్యము వ్రాయుచు, పాలుపోయు నతని మోచేయి నాకు గనబడినది గనుకనే కలము నిలుపలేకపోతిని.

వృద్ధురాలి యిల్లు మా పిల్ల బసకు రెండుమైళ్లట. వేలమును ఆమె వారముదినములు వెనుకకు జరపినది. వెళ్లినదో లేదో నాకింకను జాబు రాలేదు.